విత్తనం వెయ్యని పంట: నెల్లూరు తీరాన గుల్ల ఎదగాలంటే

రైతాంగ సమస్యల శీర్షికలో గుల్లల గురించి రాయడమేమిటని కొందరు పాఠకులు అనుకోవచ్చు. వరి ధర, ఎరువుల కరువు, కాలవ చివరి భూములకు నీరు, ఇవి గదా మనం మాట్లాడుకోవలసినవి అని అడగవచ్చు. నిజమే. కాని నెల్లూరు సీమ తూర్పు అంచున పోటుకు మునిగి పాటుకు తేలే బురద నేలలు వున్నాయి. వాటికి పట్టా లేదు, పాసుపుస్తకం లేదు, బ్యాంకు అప్పు లేదు, పంటల బీమా లేదు. అయినా అక్కడ పంట పండుతున్నది. ఆ పంట పేరు గుల్ల. దాన్ని కోసేది యానాది కుటుంబాలు, తీరపు పల్లెల పేద స్త్రీలు. మోకాటి లోతు బురదలో వంగి, చేతులతో తడివి, గంపకెత్తి, ఉడకబెట్టి, మాంసం ఒకరికీ చిప్ప మరొకరికీ అమ్ముకొని పొయ్యి వెలిగించుకొనే వాళ్లను కూలీలనాలా, రైతులనాలా, మత్స్యకారులనాలా? ప్రభుత్వ కాగితాల్లో వాళ్లకు సరైన పేరు లేదు. పేరు లేనివాళ్ల పొలం పాడైపోతే అడిగే నాథుడూ వుండడు. అందుకే యీ వారం వారి పొలం సంగతి మాట్లాడుకుందాం.

గుల్ల అంటే మనలో చాలామందికి తెలిసింది గుల్ల సున్నమే. గోడలకూ తాంబూలానికీ ఆ సున్నం మన తాతల నాటి నుంచి వాడుకలో వున్నదే. చిప్పను కాలిస్తే సున్నం, పొడి కొడితే కోళ్ల దాణా. లోపలి మాంసం పేదవాడికి చౌక పౌష్టికాహారం. రొయ్యపిల్లల హేచరీలు వచ్చాక తల్లి రొయ్యలకు మేతగా కూడా గుల్ల మాంసానికి గిరాకీ వచ్చింది. ఇంత ఉపయోగం వున్న ప్రాణి ఎలా పెరుగుతుందో, ఎందుకు చచ్చిపోతుందో తెలుసుకోవడం అవసరం గదా!

ఆ పొలానికి కావలసినవి

ఉప్పుటేళ్లలో, పులికాటు వంటి సరస్సుల్లో సాధారణంగా కనిపించే నున్నటి గుల్లను శాస్త్రజ్ఞులు మెరెట్రిక్స్ కాస్టా అంటారు. మెత్తటి బురదలో పెరిగే మరో జాతి వుంది. కాకినాడ ప్రాంతం వారు దాన్ని బుడిత గుల్ల అంటారు. మన రక్తంలో లాగే దాని రక్తంలోనూ హిమోగ్లోబిన్ వుండటం చేత కోస్తే ఎర్రగా వుంటుంది. కాకినాడ అఖాతంలో యీ గుల్ల ఎదుగుదలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన కె.ఎ. నరసింహం ఏళ్ల తరబడి పరిశీలించి 1980లలో ఫలితాలు ప్రకటించారు. కాబట్టి గుల్ల పెంపకం మన రాష్ట్రానికి కొత్త శాస్త్రమేమీ కాదు.

గుల్ల జీవితం వింతైనది. తల్లి గుల్ల లక్షల గుడ్లను నీటిలోకి వదిలేస్తుంది. పుట్టిన పిల్ల కంటికి కనబడనంత చిన్నది. అది కొద్ది రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా నీటిలో తేలుతూ తిరిగి, అనుకూలమైన నేల దొరికితే దిగి నాటుకొంటుంది. ఒకసారి నాటుకొన్నాక అది చేపలాగా పారిపోలేదు. నీరు చెడితే చేప మరో చోటికి పోతుంది. గుల్ల మాత్రం వున్నచోటే వుండి బతకాలి, లేదా చావాలి. అందుకే ఏటి ఆరోగ్యం గుల్లను చూస్తే తెలుస్తుంది.

దాని ఎదుగుదలకు ముఖ్యంగా ఐదు విషయాలు కావాలి.

మొదటిది పోటు నీరు. గుల్ల నీటిని లోపలికి పీల్చి, అందులోని సూక్ష్మమైన నాచును వడకట్టుకొని తింటుంది. నీరు పైన వున్నంతసేపే దానికి భోజనం. పాటు తీసి నేల తేలగానే చిప్ప మూసుకొని పస్తు వుంటుంది. కాబట్టి గట్టుకు దగ్గరగా వున్న గుల్ల నిదానంగా, ఏటి నడుమకు దగ్గరగా వున్న గుల్ల త్వరగా ఎదుగుతుంది. ఖంబాత్ సింధుశాఖలో పోటుకూ పాటుకూ తేడా సుమారు పది మీటర్లు. మన తీరంలో అమాస పున్నములకు కూడా అది ఒక మీటరుకు అటూ ఇటూ. అంటే మన గుల్ల పొలం సన్నటి పట్టీ మాత్రమే. నీటిమట్టంలో జానెడు తేడా వచ్చినా ఎకరాల కొద్దీ నేల ఎండిపోవడమో, ఎప్పుడూ మునిగే వుండడమో జరుగుతుంది.

రెండవది ఉప్పు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు వుంటుంది. ఏటి గుల్ల అంతకన్నా తక్కువ ఉప్పుకూ తట్టుకొంటుంది. గాని దానికీ ఒక హద్దు వున్నది. మన జిల్లాకు ప్రధానమైన వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనం. ఆ రోజుల్లో వరద నీరు దిగితే ఏటి మొగ దగ్గర కూడా నీరు తియ్యబడుతుంది. గుల్ల చిప్ప మూసుకొంటుంది. తిండి లేదు, ఎదుగుదల లేదు. నాలుగు రోజులైతే ఓర్చుకొంటుంది. వారాల తరబడి అయితే చస్తుంది. వరద తగ్గి, ఉప్పు మెల్లగా పెరిగి, వరద తెచ్చిన సారంతో నాచు పుష్కలంగా పెరిగినప్పుడు గుల్లకు మంచికాలం. ఎండలు ముదిరి నీరు ఆవిరై ఉప్పు సముద్రాన్ని మించిపోతే మళ్లీ కష్టకాలం. చిప్ప మీద కనిపించే గీతలు ఎదుగుదల ఆగిన రోజుల గుర్తులే. చలిదేశాల్లో ఏడాదికొక గీత అని లెక్క కట్టవచ్చు. మన దగ్గర వరదకొక గీత, ఎండకొక గీత పడవచ్చు. అది గుల్ల రాసుకొన్న కరువు చరిత్ర.

మూడవది నేల. మరీ పలచని బురద అయితే గుల్ల ఊపిరి రంధ్రాలు పూడిపోతాయి. మరీ ముతక ఇసుక అయితే నిలవలేదు. ఒక్కో జాతికి ఒక్కో పాళ్లలో ఇసుకా ఒండ్రూ కావాలి. నాలుగవది ప్రాణవాయువు. బురదలో కుళ్లు పెరిగి నల్లబడి కోడిగుడ్డు కుళ్లిన వాసన వస్తే అక్కడ ప్రాణవాయువు లేదని అర్థం. ఐదవది వేడి. వెచ్చదనం కొంతవరకు ఎదుగుదలకు మంచిదే. హద్దు దాటితే అదే విషం.

ఇప్పుడు అసలు ప్రశ్న. యీ ఐదింటినీ మార్చుతున్నది ప్రకృతి ఒక్కటేనా?

మొగలు ఎందుకు పూడుతున్నాయి?

పులికాటును మన పెద్దలు ప్రళయ కావేరి అన్నారు. చిలక తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అధిక భాగం మన రాష్ట్రంలో, కొంత తమిళనాడులో వున్నది. సగటు లోతు మీటరు చిల్లర. కాళంగి, స్వర్ణముఖి నీళ్లు మన వైపు నుంచి, ఆరణి నీరు తమిళనాడు వైపు నుంచి దిగుతాయి. సముద్రపు నీరు ఇసుక దిబ్బల మధ్య మొగల గుండా లోపలికి వస్తుంది. దక్షిణాన పళవేర్కాడు దగ్గర మొగ తమిళనాడులో వుంది. మన వైపు వాకాడు ప్రాంతంలో వున్న రాయదొరువు మొగ ఇసుకతో పూడి సరస్సు ఉత్తర భాగానికి పోటు నీరు అందకుండా పోయింది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు సరస్సును అడ్డంగా కోసింది. రోడ్డుకు ఉత్తరాన వేసవిలో మైళ్ల కొద్దీ నేల పగుళ్లిచ్చి ఎండిపోతున్నది. నీరు లేనిచోట గుల్ల ఎక్కడుంటుంది?

మొగ పూడటం కొంతవరకు సహజమే. తూర్పు తీరంలో కెరటాలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకొనిపోతాయి. ఆ ఇసుక మొగకు అడ్డం పడుతుంది. దాన్ని తోసివేసేది రెండు శక్తులు. వరద కాలంలో ఏటి నీరు, ఏడాది పొడవునా లోపలికీ బయటికీ పారే పోటుపాట్ల నీరు. లోపలికి ఎంత ఎక్కువ నీరు వెళ్లి తిరిగి వస్తే మొగ అంత శుభ్రంగా వుంటుంది.

యీ రెండు శక్తులనూ మనం తగ్గించాం. పెన్న మీద సోమశిలలో 78 టి.ఎం.సి., తెలుగుగంగలో భాగంగా కండలేరులో 68 టి.ఎం.సి. నిలవ చేసే జలాశయాలు వచ్చాయి. వాకాడు దగ్గర స్వర్ణముఖికి బ్యారేజీ వచ్చింది. సాగునీరు వచ్చింది, మంచిదే. మేము దాన్ని తప్పుపట్టడం లేదు. కాని మామూలు సంవత్సరాల్లో మొగను కడిగే నీరు తగ్గింది. 2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి లాగా కొన్ని సంవత్సరాల్లో నీరంతా ఒక్కసారిగా విరుచుకు పడుతున్నది. గుల్లకు ఏటా కొంచెం వరద మేలు. ఐదేళ్లు ఎండగట్టి ఆరో ఏట ముంచెత్తడం చావుదెబ్బ.

రెండవ శక్తిని తగ్గించినవి రొయ్యల గుంటలు. ఏటి ఒడ్డున పోటు నీరు పరుచుకొనే పర్రలకు కట్టలు వేశారు. ఒకప్పుడు లోపలికి వచ్చి తిరిగి పోయిన నీరు యిప్పుడు కట్ట బయటే ఆగుతున్నది. ఏటిలో పారే నీటి పరిమాణం తగ్గింది, మొగ తోసుకొనే బలం తగ్గింది. గుంటల యజమాని ఒక్కొక్కడు నాలుగెకరాలకు కట్ట వేసుకొని వుండవచ్చు. వందల మంది వేసిన కట్టల ఫలితం మాత్రం మొత్తం ఏరు మోస్తున్నది.

గుంటల నీరు, యంత్రాల వేడి

1990ల మొదట్లో నెల్లూరు తీరంలో రొయ్యల జ్వరం ఎలా పాకిందో మన పాఠకులకు గుర్తు చెయ్యనక్కరలేదు. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు వచ్చి ఎందరు చిన్న రైతులు అప్పులపాలయ్యారో కూడా తెలుసు. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిలక, పులికాటు సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమ కట్టరాదని పేరు పెట్టి మరీ చెప్పింది. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి అనుమతుల పద్ధతి పెట్టింది. 2009 నుంచి వెనామీ రొయ్య వచ్చింది. 2023లో చట్టాన్ని సవరించి హేచరీల వంటి వాటికి తీరానికి మరింత దగ్గరగా చోటిచ్చారు. తీర్పు ఒక వైపు నడిస్తే చట్టం మరోవైపు నడిచింది.

గుంట నీరు బయటికి వదిలితే ఏమౌతుంది? మిగిలిన మేత, రొయ్యల మలం, సున్నం, బ్లీచింగు ఏటిలో కలుస్తాయి. కొద్దిగా అయితే నాచు పెరిగి గుల్లకు మేతే అవుతుంది. ఎక్కువైతే నాచు విపరీతంగా పెరిగి కుళ్లి, తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు లేకుండా పోతుంది. పైగా పట్టుబడి కాలంలో పక్కపక్క గుంటలన్నీ దాదాపు ఒకేసారి నీళ్లు వదులుతాయి. చిప్ప మూసుకొని దాక్కోవడం తప్ప గుల్లకు మరో మార్గం లేదు. అది వడకట్టి తినే ప్రాణి గనుక నీటిలోని క్రిములూ లోహాలూ దాని మాంసంలో పేరుకొంటాయి. ఆ మాంసం తినేది ఎవరు? గుంట యజమాని కాదు. గుల్ల ఏరిన తల్లి బిడ్డలు.

కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు సంగతి వేరు. 2008లో అక్కడ పెద్ద రేవు మొదలైంది. దాని చుట్టూ బొగ్గు విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. రేవు లోతు చెయ్యడానికి డ్రెడ్జర్లు తవ్వినప్పుడల్లా నీటిలో ఒండ్రు లేస్తుంది. అది గుల్ల నోట్లో పడితే వడకట్టే పని కష్టమై ఎదుగుదల తగ్గుతుంది. బొగ్గుకేంద్రం చల్లబరచుకొని వదిలే నీరు ఏటి నీటి కన్నా ఏడు డిగ్రీలకు మించి వేడిగా వుండరాదని కేంద్ర ప్రభుత్వ నిబంధన. కాగితం మీద బాగానే వుంది. కాని మే నెలలో ఏటి నీరే 32, 33 డిగ్రీలు వుంటుంది. దానికి ఏడు కలిపితే ఎంత? నియమం ఉల్లంఘించకుండానే గుల్లను ఉడకబెట్టవచ్చు! ఆ కొలబద్ద మన ఎండకు సరిపోదు.

పొరుగున ఎన్నూరు ఉప్పుటేరును చూస్తే భవిష్యత్తు తెలుస్తుంది. అక్కడ విద్యుత్ కేంద్రాల బూడిద ఏటిని పూడ్చింది. 2023 డిసెంబరులో మిగ్జామ్ తుఫాను వరదలో చమురు కూడా ఏటిలోకి వచ్చి జాలర్ల వలలను నల్లబరచింది. ఎన్నూరుకూ పులికాటుకూ మధ్య బకింగ్‌హాం కాలువ వున్నది. నీటికి రాష్ట్రాల సరిహద్దు తెలియదు. కాని మన పాలకులు 2022 ఏప్రిల్‌లో తడ, సూళ్లూరుపేటలను తిరుపతి జిల్లాకు మార్చారు. అంటే ఒకే తీరం యిప్పుడు రెండు రాష్ట్రాల మధ్యనే కాదు, రెండు జిల్లాల మధ్య కూడా పంపకం అయింది. బాధ్యత ఎవరిదంటే ఎవరూ మాట్లాడరు.

వీటన్నిటి మీద సముద్రమే మారుతున్నది. 1951 నుంచి 2015 వరకు హిందూ మహాసముద్రపు ఉష్ణమండల భాగం సుమారు ఒక డిగ్రీ వేడెక్కింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిసి పారిశ్రామిక యుగం నుంచి సముద్రపు నీటి ఆమ్లత సుమారు 30 శాతం పెరిగింది. చిప్ప సున్నంతో కట్టుకొనేది. నీటిలో పులుపు పెరిగితే పిల్లగుల్ల చిప్ప కట్టుకోవడం కష్టం. అమెరికా పడమటి తీరంలో 2007, 2008 సంవత్సరాల్లో హేచరీలలో ముత్యపు చిప్పల బంధువులైన ఆయిస్టర్ల పిల్లలు గుట్టలుగా చచ్చిపోతే కారణం ఇదేనని తేలింది.

ఏరేవాళ్లదే తప్పా?

ఇక్కడ కొందరు అధికారులు అడ్డం వస్తారు. చిన్న గుల్లలను కూడా ఏరేస్తున్నారు, అందుకే పంట లేదు అంటారు. యీ మాటను మేము ఒక్కసారిగా కొట్టిపారేయం. గుడ్డు పెట్టకముందే గుల్లను ఏరితే మరుసటి ఏడు విత్తనం వుండదు. అది నిజం. కాని చిన్న గుల్ల ఏరమని ఎవరు చెబుతున్నారు? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగినా గంప నిండకపోతే, దళారి ముందుగా ఇచ్చిన అప్పు నెత్తిన వుంటే, చేతికి దొరికింది ఏరక ఏం చేస్తారు? ఆకలి పెట్టిన పనికి అత్యాశ అని పేరు పెట్టకూడదు.

కేరళలోని అష్టముడి సరస్సు చూడండి. 1991లో అక్కడ గుల్ల దాదాపు పదివేల టన్నులు వచ్చింది. రెండేళ్లలో సగానికి పడిపోయింది. అప్పుడు ఏరేవాళ్లను తరిమివేయలేదు. వాళ్లతో కూర్చొని వల కన్ను ఎంత వుండాలో, ఎంత చిన్న గుల్ల ఎగుమతి చెయ్యకూడదో నిర్ణయించారు. గుడ్లు పెట్టే కాలమని డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా విరామం పెట్టారు. 2014లో ఆ గుల్లకు మెరైన్ స్టీవర్డ్‌షిప్ కౌన్సిల్ ధృవపత్రం వచ్చింది. మన దేశంలో ఏ చేపల వృత్తికైనా అదే మొదటిది. నియమం పైనుంచి రుద్దితే లాఠీ కావాలి. ఏరేవాళ్లే పెట్టుకొంటే వాళ్లే కాపలా.

అదే కేరళలో మరో పాఠమూ వున్నది. కుట్టనాడు వరిచేలకు ఉప్పు తగలకుండా తన్నీర్‌ముక్కం దగ్గర కట్టిన అడ్డుకట్ట 1976 నుంచి పనిచేస్తున్నది. తలుపులు మూసిన నెలల్లో వేంబనాడు సరస్సు ఎగువకు ఉప్పు రాదు. వరి బతికింది, కాని గుడ్లు పెట్టడానికి కొంత ఉప్పు కావలసిన అక్కడి నల్లగుల్ల దెబ్బతిన్నది. మన తీరపు రైతులు కూడా ఉప్పునీరు చేలకు ఎక్కకుండా అడ్డుకట్టలు కావాలని అడుగుతున్నారు. ఆ కోరిక న్యాయమైనదే. ఉప్పు తిన్న కయ్య కన్నీళ్లు మాకు తెలుసు. కాని తలుపు ఎప్పుడు మూయాలి, ఎప్పుడు తెరవాలి అన్నది వరి రైతూ గుల్ల ఏరేవారూ కలిసి కూర్చొని తేల్చుకోవలసిన విషయం. పేదవాడికీ పేదవాడికీ తగవు పెట్టి నీటి లెక్క మరొకడు రాసుకోకూడదు.

ఏం కావాలి?

ఒకటి. గుల్ల ఏరే కుటుంబాల పేర్లు ముందు లెక్కలోకి రావాలి. వేట నిషేధ కాలపు భృతిని 2019 నుంచి పదివేలు, 2025లో ఇరవై వేలు చేశారు. సంతోషమే. కాని అది పడవ లెక్కన ఇచ్చేది. పడవ లేని చేతులకు అది అందదు. గుడ్లు పెట్టే కాలంలో ఏరవద్దని చెప్పాలంటే ఆ రోజులకు గంజి ఎవరు పోస్తారో కూడా చెప్పాలి.

రెండు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చేపలూ ఇతర నీటి ఉత్పత్తుల మీద గిరిజనుల సామూహిక హక్కును స్పష్టంగా గుర్తించింది. అభయారణ్యాలకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది. యానాదులు షెడ్యూల్డు తెగ. రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట వదిలిన వారి పిల్లలు కూడా వీరిలో వున్నారు. పులికాటు పక్షుల అభయారణ్యం పరిధిలో వారి ఏరుడు హక్కును గ్రామసభల ద్వారా రాసివ్వాలి.

మూడు. మొగలు తీయడం ఎన్నికల ముందు శంకుస్థాపనతో అయ్యే పని కాదు. తీసిన ఇసుక మళ్లీ పడుతుంది. మొగ తీయడంతో పాటు పర్రల మీద అక్రమంగా వేసిన కట్టలు తొలగించాలి, రోడ్డు కింద నీరు పారే దారులు పెంచాలి, జలాశయాల నుంచి ఏటి మొగకు కొంత నీరు వదలడం నియమంగా పెట్టాలి.

నాలుగు. గుంటల నీరు ఒకేసారి కాకుండా, నిలవబెట్టి తేరిన తర్వాతే వదలాలి. బొగ్గుకేంద్రాల వేడినీటికి వేసవిలో వేరే కొలత పెట్టాలి. నీటి ఉప్పు, వేడి, ప్రాణవాయువు నెలనెలా కొలిచి పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయాలి. అది పెద్ద ఖర్చు కాదు. ఏరేవారి పిల్లలకే ఆ పని నేర్పవచ్చు.

సెలవు రోజు లేని, జీతం లేని కాపలాదారు గుల్ల. ఏరు బాగుంటే ఎదుగుతుంది, చెడితే ముందుగా చస్తుంది. దాని తర్వాత వంతు చేపది, ఆ తర్వాత ఉప్పెక్కే బావిది, ఆ తర్వాత కయ్యది. కాలవ చివరి రైతుకు నీరందలేదని మనం గొంతెత్తితే అది న్యాయం. ఆ కాలవ దాటి, సముద్రం అంచున చివరాఖరి పొలం చేస్తున్నవాళ్లు కూడా అదే నీటి కోసం ఎదురు చూస్తున్నారు. రైతు సంఘాలు తమ మహజర్లలో వారి పేరు కూడా చేర్చాలి.